మా రూము కంప్యూటర్‌లో ఏం ఎక్కించాం, ఏం ఎక్కించి మునిగాం

పోస్టు పెద్దది. సిగ్నల్ ఉన్నచోట సేవ్ చేసుకుని, ఊరెళ్లాక తీరిగ్గా చదువుకోండి.

మొన్న మన గ్రూపులో ఒక చెల్లి అడిగింది, సెకండ్ హ్యాండ్ ల్యాప్‌టాప్ కొన్నాం, ఫ్రీగా దొరికే మంచి సాఫ్ట్‌వేర్‌లు ఏవి వేసుకోవాలి అని. తలా ఒక పేరు చెప్పారు. అందులో రెండు పేర్లు చూసి మాకు గుండె జారిపోయింది. ఎందుకంటే ఆ రెండూ మేం వేసుకున్నవే. అందుకే ఇది రాస్తున్నాం. రాస్తున్నది ఒకరి చెయ్యే అయినా మాట ఆరుగురిది.

మేం ఆరుగురం ఒకే రూము. ఆరు ఇళ్లలోనూ కాలేజీ గుమ్మం తొక్కింది మేమే మొదలు. కాఫీ పళ్లు కోసిన కూలి డబ్బులు ఇంట్లో ఇవ్వగా మిగిలినవి దాచుకుని, సంక్రాంతి వెళ్లాక తలా 1,900 వేసుకుని, 11,400కి విశాఖపట్నంలో ఒక పాత డెస్క్‌టాప్ కొన్నాం. 4 జీబీ ర్యామ్, 500 జీబీ హార్డ్ డిస్క్, విండోస్ 10. మానిటర్‌ని దుప్పట్లో చుట్టి, ఘాట్ రోడ్డు మలుపులన్నీ ఒళ్లో పెట్టుకుని బస్సులో తెచ్చాం. వార్డెన్ సారు కాసేపు కరెంటు బిల్లు గురించి మాట్లాడారు. తర్వాత ఆయన మనవరాలి ఫోటోలు ప్రింటుకి పంపాల్సి వచ్చినప్పుడు ఆయనే మా రూముకి వచ్చారు. ఆ గొడవ అంతటితో పోయింది.

కంప్యూటర్ మాత్రం నత్తే. ఆన్ చేసి, పళ్లు తోముకుని, టిఫిన్ లైన్లో నిలబడి వచ్చేసరికి తెర వెలిగేది. మాకేం తెలుసు? "కంప్యూటర్ ఫాస్ట్ అవ్వాలంటే" అని వెతికాం. అన్నిటికంటే పైన వచ్చిన లింకు నొక్కాం. పైన వచ్చేది చాలాసార్లు డబ్బు కట్టి పెట్టించిన ప్రకటన అని, దాని పక్కన "స్పాన్సర్డ్" అని చిన్న అక్షరాల్లో రాసి ఉంటుందని మాకు అప్పుడు తెల్దు. స్పీడు పెంచే సాఫ్ట్‌వేర్ ఒకటి దిగింది. స్కాన్ చేసి 1,247 సమస్యలు ఉన్నాయని ఎర్రగా చూపించింది. బాగుచెయ్యాలంటే డబ్బు కట్టాలంది. కట్టలేదు, దగ్గర లేవు కాబట్టి. మర్నాడు ఏమీ ముట్టుకోకుండా మళ్లీ స్కాన్ చేస్తే 1,312 అయ్యాయి. రాత్రికి రాత్రి 65 సమస్యలు ఎక్కడినుంచి పుట్టాయిరా అని నవ్వుకున్నాం గానీ, తీసెయ్యలేదు. అదే మా బుద్ధి.

అదొక్కటే రాలేదు కూడా. పెళ్లికి ఒకర్ని పిలిస్తే నలుగురు చుట్టాల్ని వెంటేసుకుని వచ్చినట్టు, దాంతో పాటు ఒక కొత్త బ్రౌజర్, వాతావరణం చెప్పే బొమ్మ ఒకటి, ఇంకో యాంటీవైరస్ వచ్చి కూర్చున్నాయి. ఇన్‌స్టాల్ చేసేటప్పుడు ముందే టిక్కు పెట్టి ఉన్న గళ్లు ఉంటాయి. మనం "నెక్స్ట్, నెక్స్ట్" కొట్టుకుంటూ పోతాం. అలా దిగిన ప్రతి చుట్టానికీ, వెంట తెచ్చినవాడికి ఇంత అని డబ్బు ముడుతుంది. కంప్యూటర్ ఇంకా నెమ్మదించింది.

అసలు దెబ్బ తర్వాత తగిలింది. డిగ్రీలో కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్ట్ ఉంటుంది కదా, మేం మా వైపు మూడు ఊళ్లలో ఎవరి ఇంట్లో ఏ పాత విత్తనం మిగిలి ఉందో రాసుకుందామని తిరిగాం. సామలు, చోళ్లు, కొర్రలు, వలిసెలు, కొండ కందులు. 47 ఇళ్లు. ఒక్కొక్క ఇంట్లో పెద్దవాళ్లు మాట్లాడింది ఫోన్‌లో రికార్డు చేశాం. సగం మంది కువిలో, కొందరు ఆదివాసీ ఒడియాలో, మిగతావాళ్లు తెలుగులో. అన్నీ కంప్యూటర్‌లోకి ఎక్కించి, ఫోన్ మెమరీ కార్డు నిండిపోయిందని అక్కడ చెరిపేశాం. రెండో కాపీ లేదు. ఈ ఒక్క వాక్యం చదివి ఎవరైనా తిట్టాలనుకుంటే తిట్టండి, పడతాం.

రిపోర్టు వర్డ్‌లో చెయ్యాలి. మాకు ఎమ్మెస్ ఆఫీస్ లేదు. ఒక వీడియోలో "ఫుల్ వెర్షన్ ఫ్రీ, లైఫ్ టైం" అని చూపించి కింద లింకు ఇచ్చారు. జిప్ ఫైలు, దానికి పాస్‌వర్డ్, లోపల ఒక కాగితం. మొదటి లైను: ముందు మీ యాంటీవైరస్ ఆపండి. ఇప్పుడు అనిపిస్తుంది, ఇంటికొచ్చినోడు ముందు కుక్కని కట్టెయ్యమంటే మనం ఎందుకని అడగమా? ఆ రోజు అడగలేదు. విండోస్‌తోనే వచ్చే డిఫెండర్‌ని ఆపేశాం. నొక్కాం. ఎవరు నొక్కారో మాలో అందరికీ తెలుసు, బయట చెప్పం. ఆరుగురం నొక్కినట్టే.

భోజనం చేసి వచ్చేసరికి ప్రతి ఫైలు పేరు చివర నాలుగు తెలియని అక్షరాలు చేరాయి. ఏదీ తెరుచుకోదు. ప్రతి ఫోల్డర్‌లో ఒక ఉత్తరం: 72 గంటల్లో అయితే 499 డాలర్లు, దాటితే 999. కంప్యూటర్ కొన్న ధరకి మూడు నాలుగింతలు. మాలో ఒకడు ఆ రాత్రి అన్నం కంచం ముందు పెట్టుకుని అలాగే కూర్చున్నాడు. ఇలాంటిది మీకు జరిగితే మొదట నెట్ తీసెయ్యండి. డబ్బు కట్టొద్దు, కట్టినా ఫైళ్లు ఇస్తాడని నమ్మకం లేదు. 1930కి ఫోన్ చేసి ఫిర్యాదు చెయ్యొచ్చు. యూరప్ పోలీసు సంస్థ, నెదర్లాండ్స్ పోలీసులు, రెండు సెక్యూరిటీ కంపెనీలు కలిసి 2016లో పెట్టిన "నో మోర్ రాన్సమ్" అనే సైటు ఉంది. పాడైన ఫైలు ఒకటి అక్కడ పెడితే, తాళం దొరికిన రకమైతే విప్పే పనిముట్టు ఉచితంగా ఇస్తారు. మా రకానికి తాళం లేదంది.

అప్పుడు కాలేజీ ల్యాబ్‌లో ఉండే అన్న ఒకాయన అడిగాడు, "కార్డులో చెరిపేశాక కొత్తగా ఏమైనా తీశార్రా?" అని. కొంచెం తీశాం, పెళ్లి వీడియోలు. "సరే, ఇక ముట్టుకోవద్దు" అన్నాడు. ఆయన చెప్పిన లెక్క మాకు వెంటనే అర్థమైంది. ఫైలు చెరిపితే పట్టా పుస్తకంలో పేరు కొట్టేసినట్టు అంతే, భూమి అక్కడే ఉంటుంది, ఇంకొకడొచ్చి దున్నేదాకా. ఫోటోరెక్ అని ఒక ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది, క్రిస్టోఫ్ గ్రెనియే అనే ఫ్రెంచి ఆయన రాసింది. చూడ్డానికి నల్ల తెర, తెల్ల అక్షరాలు, ఏ అందమూ లేదు. 1,247 సమస్యలు అని ఎర్రగా అరవదు. ల్యాబ్ కంప్యూటర్‌లో కార్డు పెట్టి, దొరికినవి వేరే డ్రైవ్‌లో పడేలా చేసి వదిలాం.

దొరికాయి. కానీ పేర్లు రావు. మేం "ఫలానా ఊరు, ఫలానా ఇల్లు" అని పెట్టుకున్న పేర్లన్నీ పోయి, ప్రతిదానికీ ఎఫ్ అనే అక్షరం, దాని తర్వాత వరస అంకెలు. ఏది ఎవరిదో తెలియాలంటే వినాల్సిందే. రెండు రాత్రులు ఆరుగురం రెండు ఇయర్‌ఫోన్లు పంచుకుని విన్నాం. కోడి కూత, వాన చప్పుడు, మధ్యలో ఎవరో పిల్లాడి ఏడుపు, వెనకాల చోళ్లు విసురుతున్న తిరగలి. గొంతు వినగానే "మా మామ్మ, మా మామ్మ" అని ఒకడు లేచి నిలబడ్డాడు. ఆవిడ అందులో విత్తనాల గురించి చెప్పింది రెండు నిమిషాలు, మనవడిని ఏం తిన్నావని అడిగింది ఆరు నిమిషాలు. 47లో 33 దొరికాయి. మిగతా 14 ఇళ్లకి మళ్లీ వెళ్లాం. 13 ఇళ్లలో మళ్లీ చెప్పారు, నవ్వుకుంటూ. పద్నాలుగో ఇంటి తాత ఆషాఢంలో పోయాడు. ఎర్ర సామల విత్తనం ఆయన దగ్గరే ఉందని మా నోట్సులో ఒక లైను ఉంది. ఎలా దాచేవాడో ఆ రికార్డింగులో చెప్పాడు. మాకు పూర్తిగా గుర్తులేదు.

ఆ తర్వాత మేం ఉచిత సాఫ్ట్‌వేర్ అంటే భయపడి మానెయ్యలేదు. మమ్మల్ని ముంచింది ఉచితమే, తేల్చిందీ ఉచితమే. మరి తేడా ఎక్కడుంది? మన పెద్దోళ్లకి ఈ తేడా తెలుసు. సంతలో సావుకారు ఉప్పు, పొగాకు ముందుగా చేతిలో పెట్టేవాడట, డబ్బు అడక్కుండానే. తర్వాత చింతపండు, కరక్కాయలు వాడి కుంచంతో వాడు కొలుచుకునేవాడట. ఆ దోపిడీ నుంచి కాపాడటానికే 1956లో గిరిజన సహకార సంస్థ పెట్టారు. మన తాతలు చివరికి నేర్చుకున్న ప్రశ్న ఒకటే: వీడు ఊరికే ఇస్తున్నాడు సరే, వీడి ఇల్లు ఎలా గడుస్తోంది? మేం ఇప్పుడు ఏది దింపాలన్నా ముందు ఇదే అడుగుతున్నాం.

వీఎల్‌సీనే తీసుకోండి, ఆ నారింజ రంగు కోను బొమ్మది. మన ధింసా వీడియోలు, పాత సీడీలు, ఏ రకం ఫైలైనా ఆడుతుంది. దాన్ని మొదలుపెట్టింది మనలాంటి హాస్టల్ పిల్లలే. 1996లో పారిస్ దగ్గర ఎకోల్ సెంట్రాల్ అనే కాలేజీ విద్యార్థులు, క్యాంపస్‌లో నెట్‌వర్క్ మీద వీడియో చూడాలని చేసుకున్న ప్రాజెక్టు అది. 2001లో కోడ్ మొత్తం అందరికీ తెరిచేశారు. ఆ కోను కూడా ఆ కుర్రాళ్లు రోడ్ల మీంచి పోగేసిన ట్రాఫిక్ కోన్ల నుంచే వచ్చింది. ప్రకటనలు పెడితే కోట్లు వస్తాయన్నా ఒప్పుకోలేదని దాన్ని నడిపే జాన్ బాప్టిస్ట్ కెంఫ్ చెప్పాడు. విరాళాలతో బతుకుతోంది. ఇంకో సంగతి, 2022లో కొన్ని నెలలు మన దేశంలో దాని అసలు సైటు తెరుచుకోలేదు, నవంబర్‌లో మళ్లీ తెరిచారు. అసలు సైటు మూసుకుంటే జనం పక్క సైట్లకి వెళ్తారు, నకిలీలు దొరికేది అక్కడే. మైక్రోసాఫ్ట్ స్టోర్‌లో ఉంటే అక్కణ్నుంచి తీసుకోవడం మేలు.

ఫైళ్లు మడతపెట్టడానికి, విప్పడానికి సెవెన్ జిప్. ఇగోర్ పావ్‌లోవ్ అనే ఆయన 1999 నుంచి రాస్తున్నాడు. డబ్బు కట్టమని ఎప్పుడూ గుర్తుచెయ్యదు. పీడీఎఫ్ చదవడానికి సుమత్రా, చాలా చిన్నది, మా 4 జీబీ ర్యామ్‌కి సరిగ్గా సరిపోయింది. ఏ ఫైలు ఎక్కడుందో వెతకడానికి ఎవ్రీథింగ్. పేరులో రెండు అక్షరాలు కొట్టేలోపే చూపిస్తుంది. వీటి గురించి ఇంతకంటే చెప్పడానికి ఏమీ లేదు. పని చేస్తాయి, నోరు మూసుకుని ఉంటాయి.

ఆఫీస్ బదులు లిబ్రేఆఫీస్ వేశాం. మొదటే వేసుకుని ఉంటే ఈ కథే లేదు. మెనూలు తెలుగులో కూడా పెట్టుకోవచ్చు. లోపాలు దాచం: మా మిషన్ మీద మొదటిసారి తెరుచుకోవడానికి టైం పడుతుంది, వర్డ్‌లో చేసిన ఫైలు తెరిస్తే పట్టికలు, మార్జిన్లు ఒక్కోసారి జరుగుతాయి. అందుకే ప్రింటుకి ఇచ్చేటప్పుడు పీడీఎఫ్ చేసి ఇస్తాం. సార్లు ఇచ్చే పాత నోట్సు అను ఫాంట్లలో ఉంటే పిచ్చి గీతల్లా కనిపిస్తుంది. అది లిబ్రేఆఫీస్ తప్పు కాదు, ఆ ఫాంటు లేకపోతే ఎమ్మెస్ వర్డ్‌లోనూ అంతే.

ఉద్యోగాలకి అప్లై చేసే అన్నలు, అక్కలు ఇది బాగా చదవండి. ఫోటో 50 కేబీ లోపు, సంతకం 20 కేబీ లోపు అంటారు కదా. మేం నెట్ సెంటర్లో ఒక్కోదానికి 20 రూపాయలు ఇచ్చేవాళ్లం. ఇర్ఫాన్‌వ్యూ అని ఒక ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది. బోస్నియాలో పుట్టి వియన్నాలో చదువుకున్న ఇర్ఫాన్ స్కిల్యాన్ 1996లో విడుదల చేసి, తన పేరే పెట్టుకున్నాడు. జేపీజీగా సేవ్ చేసేటప్పుడు ఎన్ని కేబీ కావాలో అంకె వేస్తే ఆ లోపుకి తెస్తుంది. అయితే సొంత వాడకానికే ఉచితం. నెట్ సెంటర్ పెట్టి వ్యాపారం చేస్తే లైసెన్సు కొనాలి. మనలో కొందరు మీసేవ లాంటివి పెట్టుకుంటున్నారు కాబట్టి చెప్తున్నాం.

అలాగే, "పీడీఎఫ్ సైజు తగ్గించండి" అనే సైట్లలో కులం సర్టిఫికెట్, ఆధార్, బ్యాంకు పాస్‌బుక్ ఎక్కించకండి. ఎక్కించామంటే మన కాగితం ఎవరిదో సర్వర్‌కి వెళ్లింది. చెరిపేస్తామని రాస్తారు. చెరిపారో లేదో మనం వెళ్లి చూడలేం. స్కాలర్‌షిప్ టైంలో ఈ పని హాస్టలంతా చేస్తుంది, మేమూ చేశాం. పీడీఎఫ్24 క్రియేటర్ అని జర్మనీ వాళ్లది ఉంది, కంప్యూటర్‌లో వేసుకుంటే నెట్ లేకుండానే కుదిస్తుంది, కలుపుతుంది. అదే పేరుతో వెబ్‌సైటు కూడా ఉంది. మేం చెప్పేది దింపుకునే దాని గురించి.

ఇప్పుడు యాంటీవైరస్. విడిగా ఏదీ వెయ్యలేదు. విండోస్‌లో ఉన్న డిఫెండర్ చాలు, ఆపకుండా ఉంటే. ఉచిత యాంటీవైరస్ ఇచ్చే అవాస్ట్, వాడేవాళ్లు నెట్‌లో ఏం చూస్తున్నారో ఆ వివరాలు జంప్‌షాట్ అనే తన సంస్థ ద్వారా అమ్మింది. బయటపడ్డాక 2020లో దాన్ని మూసేశారు. 2024లో అమెరికా ప్రభుత్వ సంస్థ 1.65 కోట్ల డాలర్లు కట్టించింది. కాపలాకి పెట్టుకున్నోడే ఇంటి సంగతులు సంతలో చెప్పినట్టు. సీక్లీనర్ సంగతి ఇంకో రకం. 2017 ఆగస్టు, సెప్టెంబర్‌లలో దాని అసలు సైటులో ఉన్న ఇన్‌స్టాలర్‌లోకే దొంగలు వైరస్ ఎక్కించారు. 22 లక్షలకి పైగా కంప్యూటర్లలోకి వెళ్లింది. అంటే అసలు సైటు నుంచి తీసుకున్నా నూటికి నూరు కాదు. అవసరం లేనిది అసలు వెయ్యకపోవడమే మాకు తోచింది. చెత్త తీయడానికి విండోస్ సెట్టింగ్స్‌లో స్టోరేజ్ సెన్స్ ఉంది. ఆన్ అవ్వగానే లేచే వాటిని టాస్క్ మేనేజర్‌లో స్టార్టప్ అనే చోట ఆపుకోవచ్చు. రిజిస్ట్రీ క్లీనర్లు, డ్రైవర్ అప్‌డేటర్లు వద్దే వద్దు. డ్రైవర్లు విండోస్ అప్‌డేట్‌లోనే వస్తాయి.

దింపిన ఫైలు మీద అనుమానం ఉంటే వైరస్ టోటల్ అనే సైటులో పెడతాం, డెబ్భై దాకా యాంటీవైరస్‌లు ఒకేసారి చూసి చెప్తాయి. సొంత కాగితాలు మాత్రం అక్కడ పెట్టొద్దు, అక్కడ పెట్టినవి వేరేవాళ్లూ చూడొచ్చు.

మరి కంప్యూటర్ ఎందుకు నెమ్మదిగా ఉండేది? ఇది చివర్లో తెలిసింది, నవ్వాలో ఏడవాలో తెల్దు. క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో అని ఇంకో ఉచితం ఉంది, జపాన్ ఆయన చేసింది. హార్డ్ డిస్క్ ఆరోగ్యం చూపిస్తుంది. మాది పసుపు రంగులో "కాషన్" అంది. డిస్కే చచ్చిపోతోంది. 1,247 సమస్యలు కనిపెట్టిన ఆ మహానుభావుడికి ఈ ఒక్క సమస్య కనపడలేదు. మళ్లీ చందాలు వేసుకుని 1,650కి 256 జీబీ ఎస్ఎస్‌డీ కొన్నాం. మైక్రోసాఫ్ట్ సైటులోని మీడియా క్రియేషన్ టూల్‌తో పెన్‌డ్రైవ్ చేసి విండోస్ కొత్తగా ఎక్కించాం. ఇప్పుడు ఆన్ చేశాక పళ్లు తోముకునే టైం లేదు. తెర మూలన "యాక్టివేట్ విండోస్" అని మసగ్గా రాసి ఉంటుంది. సెట్టింగ్స్‌లోకి వెళ్లి బ్యాక్‌గ్రౌండ్ బొమ్మ మార్చుకోలేం. క్రాక్ కోసం మళ్లీ డిఫెండర్ ఆపడం కంటే ఆ రాత నయం. మా మిషన్ విండోస్ 11కి పనికిరాదు. విండోస్ 10కి మామూలు అప్‌డేట్లు 2025 అక్టోబర్ 14తో ఆగాయి. ఏడాది పొడిగింపుకి నమోదు చేసుకున్నాం, తర్వాత లినక్స్ మింట్ వేద్దామని ఇద్దరు, వద్దని నలుగురు. ఆ పంచాయతీ ఇంకా నడుస్తోంది.

ఆ 46 రికార్డింగులు ఇప్పుడు మూడు చోట్ల ఉన్నాయి. కంప్యూటర్‌లో, గూగుల్ డ్రైవ్‌లో, ఒక పెన్‌డ్రైవ్‌లో. పెన్‌డ్రైవ్ ఊళ్లో మామ్మ పెట్టెలో, విత్తనాల మూటల పక్కన ఉంది.

పైన చెప్పిన సాఫ్ట్‌వేర్‌లన్నీ అసలు సైట్ల నుంచి దింపి, స్కాన్ చేసి ఒక ఫోల్డర్‌లో పెట్టాం. డేటా లేనివాళ్లు, ఊళ్లో సిగ్నల్ రానివాళ్లు ఆదివారం హాస్టల్‌కి పెన్‌డ్రైవ్ పట్టుకు రండి, ఎక్కించి ఇస్తాం. మీ పెన్‌డ్రైవ్ ముందు స్కాన్ చేశాకే మా దాంట్లో పెడతాం. ఏమనుకోవద్దు.